మద్దెల నడిపిన విమానం

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. రోలుకి పడేవి ఒకవైపు దెబ్బలే, మద్దెలకి రెండువైపులా వాయింపే. బాక్సింగ్ జిమ్‌లో అతనికి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గాని, పెట్టినవాడు తెలిసే పెట్టాడు. పోటీలకు సిద్ధమయ్యే బాక్సర్ల ముందు నిలబడి దెబ్బలు తినడం మద్దెల ఉద్యోగం. వాళ్ళు కొడతారు, ఇతను కాచుకుంటాడు. కాచుకోలేనివి తింటాడు. తనూ చెయ్యి విసరాలి, విసరకపోతే అవతలివాడికి సాధన కాదు. కాని ఆ చెయ్యి తగిలినా తగలనట్టుండాలి. రేపు పోటీకి వెళ్ళేవాడి ముఖం మీద గీత పడిందంటే మద్దెల కొలువు ఊడినట్టే.

వయసులో ఉన్నప్పుడు తనూ పోటీలకు దిగినవాడే. గెలిచినవి తక్కువ, ఓడినవి ఎక్కువ. కాని ఎంత ఓడినా కింద పడేవాడు కాదు. ఆ గుణం చూసి కోచ్ ఒకరోజు పిలిచి, "నీకు గెలవడం రాదురా, నిలబడటం వచ్చు. నా దగ్గర నిలబడు," అన్నాడు. అలా నిలబడ్డ మనిషి నిలబడే నడివయసుకి వచ్చేశాడు. ముక్కు ఎన్నిసార్లు విరిగిందో లెక్క వదిలేశాడు. ఎడమ చెవి నలిపి పారేసిన కాగితంలా ముడుచుకుపోయింది. ఎవరైనా ఆ పక్కనుంచి పిలిస్తే పలకడు, పొగరనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు.

అప్పట్లో జిమ్‌కి దేవుడు ఛాంపియన్. పాతికేళ్ళు దాటని కుర్రాడు. ఇంతవరకు ఎవరూ ముట్టుకోని నున్నటి ముఖం, చిన్నచూపు చూసే కళ్ళు. మిగతా బాక్సర్లు మద్దెలతో సాధన చేసేవాళ్ళు. ఛాంపియన్ మాత్రం మద్దెలని కొట్టేవాడు. గంట మోగాక కూడా ఒకటి వేసేవాడు. ఒక ఉదయం అలాగే గంట మోగింది, మద్దెల చేతులు దించాడు, ఛాంపియన్ అతని పక్కటెముకల కిందకి ఎడమచెయ్యి దించాడు. లోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడు మద్దెలకి తన మంచి చెవితో కాదు, ఒంటితో వినిపించింది. మోకాళ్ళమీద కూలబడి నోట్లో ఊరిన రక్తాన్ని బకెట్లో ఉమ్మాడు.

"గంట వినపడలేదా బాబూ?" అని అడిగాడు, ఊపిరి కూడదీసుకుని.

"నీకు చెవుడని నాకూ చెవుడనుకున్నావా? వినపడింది," అని నవ్వాడు ఛాంపియన్.

కోచ్ తాళ్ళ మీదుగా వంగి తువ్వాలు విసిరాడు. "తుడుచుకుని లే మద్దెలా. ఇవాళ బాగా చేశావు." బాగా చేయడమంటే బాగా తినడమని మద్దెలకి తెలుసు.

ఇల్లు టైర్ల దుకాణం మీద మేడపైన. రెండు గదులు, ఒక వంటిల్లు. భార్య పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. తడిసిన దుప్పట్లు మోసీ మోసీ ఆవిడ చేతులు మొగుడి చేతులకంటే గట్టిపడ్డాయి. ఆ రోజు విరిగిన ఎముక మీద దుప్పటి గుడ్డ బిగించి చుడుతూ ఒక్క మాటే అంది: "వాడు నిన్ను చంపేదాకా వదలడు. నువ్వు చచ్చేదాకా మానవు. మీ ఇద్దరికీ సరిపోయింది. మధ్యలో నేనేం పాపం చేశానయ్యా?" మద్దెల జవాబు చెప్పాలంటే ఊపిరి పీల్చాలి, పీలిస్తే నొప్పి.

ముందుగదిలో వాళ్ళమ్మ ఉండేది. మద్దెలకి అత్తగారు. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగడం మానేసిన మనిషి. కాళ్ళు ఆగిపోయిన లోటు నాలుకతో తీర్చుకునేది. ఆవిడ మంచానికి ఎదురుగా, కిటికీ పక్కన బల్లమీద కంప్యూటర్.

ఆ కంప్యూటర్ వచ్చిన కథ వేరే. ఒకసారి చెవిమీద పడ్డ దెబ్బకి మద్దెలకి లోకమంతా గిర్రున తిరిగి, కొన్నాళ్ళు మంచం దిగలేకపోయాడు. బావమరిది వచ్చి, పొద్దుపోవడానికని ఒక పాత కంప్యూటరూ, అందులో విమానం నడిపే ఆటా పెట్టి వెళ్ళాడు. ఈ బావమరిదిని అందరూ రేడియో అంటారు. సంతబజారు నేలమాళిగలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు అతనిది. నోరు మూతపడదు, మధ్యలో ప్రకటనలు కూడా ఉంటాయి.

అది ఆటని పేరేగాని, నిజం విమానంలో ఎన్ని మీటలుంటే అందులో అన్ని. మద్దెల ఒక్కొక్కటే నేర్చుకున్నాడు. పగలంతా పళ్ళు బిగించి, భుజాలు బిగించి బతికే మనిషికి అక్కడ ఒక వింత తెలిసింది. నడిపే స్టిక్‌ని బిగించి పట్టుకుంటే విమానం తాగినవాడిలా తూలుతుంది. రెండు వేళ్ళతో పట్టుకుని, వదిలీ వదలనట్టు ఉంచితే నీటిమీద పడవలా పోతుంది. అంత మెత్తగా దేన్నైనా ముట్టుకుని ఎన్నాళ్ళైందో అనుకున్నాడు.

అత్తగారు మొదట్లో దెప్పింది. "మీసమొచ్చిన మగాడివి, బొమ్మ విమానాలేంటయ్యా?" తర్వాత కళ్ళజోడు తెచ్చుకుంది. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. కొన్నాళ్ళకి ఆవిడే దారి చెప్పేది. "ఆ కొండ పక్కనుంచి పోనియ్యి అల్లుడూ. అదిగో, నది కనపడుతోంది, దాని వెంబడే పోదాం. ఎక్కడ తేలుతుందో చూద్దాం." మెట్లు దిగలేని మనిషి సాయంత్రమయ్యేసరికి సముద్రాలు దాటేది.

వచ్చిన చిక్కల్లా దిగేటప్పుడే. పైన ఆకాశంలో ఉన్నంతసేపు బొమ్మ నున్నగా కదిలేది. నగరం మీదికి వచ్చి, కింద మేడలూ రోడ్లూ ఒక్కసారిగా కనపడాల్సి వచ్చేసరికి కంప్యూటర్ రొప్పేది. బొమ్మ ఆగుతుంది, గెంతుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆ కుదుపులకి అత్తగారికి కళ్ళు తిరిగేవి. ఒకసారి పైటంతా వాంతి చేసుకుంది. అల్లుడు తుడుస్తుంటే, "నీ విమానానికి ఎక్కిళ్ళేంటయ్యా? మంచినీళ్ళు తాగించు," అంది.

మద్దెల ఆ మాటని నవ్వులాటగా తీసుకోలేదు. నేరుగా రేడియో కొట్టుకి వెళ్ళి కూర్చున్నాడు.

"బావా, నీ ఆటకి కావాల్సింది పదిమంది కూలీలు కాదు," అని మొదలుపెట్టాడు రేడియో. "ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కి మెదడు. దాని లోపల పనివాళ్ళు చాలామందే ఉన్నారు. కాని విమానం ఆటలో బరువంతా ఒక్కడే మోస్తాడు, మిగతావాళ్ళు గట్టుమీద కూర్చుని చూస్తారు. ఆ ఒక్కణ్ణి ఇంకా వేగంగా పరిగెత్తించాలి. తయారుచేసినవాళ్ళు ఇంత వేగం చాలని గిరి గీసి పంపిస్తారు. ఆ గిరి దాటించడమే ఓవర్‌క్లాకింగ్."

"దాటిస్తే ఏమవుతుంది?"

"పరిగెడతాడు. ఆకలేస్తుంది, కరెంటు ఎక్కువ పెట్టాలి. ఒళ్ళు కాగుతుంది, గాలి ఎక్కువ తోలాలి. మరీ తోలామా, ఉన్నచోటే కూలబడతాడు."

"లేస్తాడా?"

"చాలాసార్లు లేస్తాడు. ఒక్కోసారి లేవడు."

మద్దెలకి తెలియని సంగతి అందులో ఏమీ కనపడలేదు.

రేడియో పాత ప్రాసెసర్ తీసేసి, గిరి దాటించడానికి వీలున్నది ఒకటి పెట్టాడు. దాని వేడి లాగడానికి పైన ఇటుకంత అల్యూమినియం రేకుల దిమ్మ, దానికి అటూ ఇటూ రెండు ఫ్యాన్లు. పని ఎలా చెయ్యాలో చూపించాడు గాని, చేసే ఓపిక అతనికి లేదు. ఒక్కసారే నాలుగు మెట్లు ఎక్కిద్దామనేవాడు. ఓపిక మద్దెలది. వేగం ఒక్క మెట్టు పెంచేవాడు. ప్రాసెసర్ నెత్తిన మోయలేనంత బరువు పెట్టే పరీక్ష ఒకటుంది, దాన్ని నడిపించి జిమ్‌కి వెళ్ళిపోయేవాడు. అత్తగారు కాపలా. సాయంత్రం మెట్లెక్కుతుండగానే పైనుంచి కేకేసేది: "నీలం వచ్చేసిందయ్యా! అన్నం తినే వేళకే చచ్చింది!" తెర నీలంగా మారి ఆగిపోయిందంటే ప్రాసెసర్ కూలబడినట్టు. అప్పుడు రవ్వంత కరెంటు పెంచాలి. వేడి ఎంతుందో చూడాలి. మళ్ళీ పరీక్ష.

అక్కడ జిమ్‌లోనూ మోత పెరుగుతూనే ఉంది. ఛాంపియన్‌కి సముద్రం అవతల పెద్ద పోటీ కుదిరింది. కోచ్ సాధన గంటలు పొడిగించాడు. విరిగిన ఎముక అతుక్కోకముందే మద్దెల మళ్ళీ రింగులో ఉన్నాడు. ఛాంపియన్‌కి ఆ ఎముక ఎక్కడుందో తెలుసు, వెతుక్కుని కొట్టేవాడు. ఒకరోజు కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారుతుంటే కోచ్ ఆపలేదు. "పోటీలో కూడా రక్తం కారుతుంది, వాణ్ణి అలవాటు పడనీ," అన్నాడు. వాడంటే ఛాంపియన్. మద్దెల ఒంటికన్నుతో చూస్తూ, కుడిచేతి దెబ్బ వచ్చేముందు ఛాంపియన్ ఎడమ భుజం రవ్వంత కిందికి జారడం గమనించాడు. వందసార్లు గమనించాడు. గమనించినా ఏం లాభం? కొట్టడం తన పని కాదు.

చివరికి ఒకరోజు మద్దెల మేడ ఎక్కుతుంటే పైనుంచి కేక వినపడలేదు. లోపలికి వెళ్తే అత్తగారు విసనకర్రతో కంప్యూటర్‌కి విసురుతోంది. "పొద్దున్నుంచీ చావలేదయ్యా. నేనూ చావలేదు. ఇద్దరం గట్టివాళ్ళమే," అంది. ఆ సాయంత్రం వాళ్ళు పెద్ద నగరం మీద దిగారు. మేడలు ఒక్కొక్కటే పైకి లేచి పక్కకి జరిగాయి. వంతెనలు వచ్చి వెళ్ళాయి. ఒక్క ఎక్కిలి లేదు. చక్రాలు నేలని తాకిన సంగతి చప్పుడు వింటేగాని తెలియలేదు. అత్తగారు అల్లుడి వాచిన బుగ్గని వేలి చివరతో ముట్టుకుని, "ఇంత మెత్తగా దించేవాడివి, ఆ వెధవ చేత ఎందుకు తన్నించుకుంటావు?" అంది.

మరికొన్నాళ్ళకి కోచ్ మద్దెలని తన గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"మనోడికి విమానమంటే భయంరా," అన్నాడు. "ఇదివరకు రెండు పోటీలు నడుం నొప్పని మానేశాం కదా, నొప్పీ కాదు, గిప్పీ కాదు. విమానం మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. నీ ఇంట్లో అచ్చం విమానంలాగే నడిచేది ఏదో ఉందట. ఒకసారి కూర్చోబెట్టి అలవాటు చెయ్యి. బయట ఎక్కడైనా ఈ మాట పొక్కిందంటే తోలు వలుస్తాను."

మద్దెలకి కాదనడం ఎప్పుడు వచ్చు గనక? సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం భార్య డ్యూటీకి వెళ్ళింది. ఛాంపియన్ ఒక్కడే వచ్చాడు, తలమీద టోపీ ముక్కుదాకా లాక్కుని. రేడియో పొద్దున్నే వచ్చి తెరకి దగ్గరగా కుర్చీ వేసి, పెద్ద స్పీకర్లు తగిలించి, ఇల్లు సినిమా హాలు చేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పెద్దమనిషి వస్తున్నాడు, వెన్నలా ఉండాలని, బావకి చెప్పకుండా ప్రాసెసర్‌ని ఇంకో రెండు మెట్లు ఎక్కించాడు. పరీక్ష పెట్టలేదు. కిటికీలకి పరదాలు దించేశారు, గది ఉడికిపోతోంది.

విమానం లేస్తుంటే ఛాంపియన్ కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆ ముఖం మీద చెమట మద్దెల ఎన్నోసార్లు చూశాడుగాని, అది వేరే చెమట. పెదాలు తెల్లబడ్డాయి.

"ఏం కాదు నాయనా," అంది అత్తగారు మంచం మీంచి. "మొదట్లో నాకూ కడుపులో దేవినట్టుండేది. ఆ మబ్బుల్ని చూడు, దూది ఆరబోసినట్టు లేవూ?"

సముద్రం మీద అంతా సాఫీగా పోయింది. మద్దెల రెండు వేళ్ళతో నడుపుతూ, రెక్క ఎందుకు వంగుతుందో, ఇంజను మోత ఎందుకు మారుతుందో నెమ్మదిగా చెబుతున్నాడు. ఛాంపియన్ భుజాలు కొంచెం దిగాయి. "ఇంతేనా?" అన్నాడు. అది పిల్లవాడి గొంతులా ఉంది. మద్దెలకి జాలేసింది కూడా.

నగరం కనపడింది. విమానం ముక్కు కిందికి దించి, మేడల మీదుగా, రన్‌వే వైపు. నేల దగ్గరికి వస్తోంది. కార్లు కనపడుతున్నాయి, కార్ల అద్దాలు కనపడుతున్నాయి.

అప్పుడు ప్రాసెసర్ కూలబడింది.

తెర నీలం కాలేదు. ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోయింది, తెర నిండా నేల. ఇంజను మోత ఒక్క ముక్క దగ్గర ఇరుక్కుని పెద్ద స్పీకర్లలో గర్ర్‌ర్‌మని అరుస్తూ ఉండిపోయింది. ఛాంపియన్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. లేస్తూనే అరిచాడు. స్టిక్‌ని తీగలతో పెరికి గోడకేసి కొట్టాడు. తెరని రెండు చేతులా ఎత్తి నేలకేసి బాదాడు. కంప్యూటర్ పెట్టెని కాలితో తన్ని తన్ని లోపలి రేకులు వంకర్లు పోయేలా తొక్కాడు. రేడియో అడ్డం వెళ్ళబోయి మోచేతి దెబ్బకి వంటింటి గుమ్మంలో పడ్డాడు.

"నేలమీదే ఉన్నావయ్యా! ఇల్లే ఇది! కూర్చో!" అని అత్తగారు లేచి అతని చెయ్యి పట్టుకుంది.

ఛాంపియన్ అటు చూడనైనా చూడలేదు. వెనక్కి విసిరాడు, ఈగని తోలినట్టు. పిడికిలి వెనకభాగం ముసలామె దవడకి తగిలింది. ఆవిడ బల్ల అంచుమీద పడి, అక్కణ్ణుంచి నేలమీదికి జారింది. తెల్లటి జుట్టు ఎర్రబడటం మద్దెల చూశాడు.

తర్వాత జరిగింది రేడియో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ చేసి చెప్పలేకపోయాడు. మద్దెల నడిచి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు, రోజూ నిలబడినట్టే. ఛాంపియన్ కొట్టాడు. మద్దెల తినలేదు. ఎడమ భుజం కిందికి జారింది, కుడిచెయ్యి వచ్చింది, తల పక్కకి తప్పించి, ఆ ఖాళీలోంచి తన కుడిచెయ్యి పంపించాడు. ఇన్నేళ్ళుగా తగిలీ తగలనట్టు ఆపుకుంటూ వచ్చిన చెయ్యి. ఆ నున్నటి ముక్కు నలిగిపోయింది. ఛాంపియన్ కళ్ళలో భయంకంటే ముందు ఆశ్చర్యం వచ్చింది, ఫర్నిచర్ లేచి కొట్టినట్టు. రెండోది కంటికింది ఎముకకి. మూడోది, నాలుగోది పక్కటెముకలకి, తనకి ఎక్కడ విరిగిందో సరిగ్గా అక్కడ. ఛాంపియన్ గోడకి జారబడుతుంటే మద్దెల గొంతు పట్టుకుని నిలబెట్టి కొట్టాడు. గ్లవ్స్ లేవు. వేళ్ళ కణుపులు చిట్లి ఏ రక్తం ఎవరిదో తెలియలేదు. రేడియో నడుం పట్టుకుని లాగితే రేడియోనీ విదిలించి కొట్టాడు.

"చస్తాడయ్యా! వదిలెయ్!" అని నేలమీంచి అరిచింది అత్తగారు, నెత్తురు కళ్ళలోకి కారుతుంటే. "చంపితే నిన్ను తీసుకుపోతారు! నా కూతురేం కావాలి? వదలవయ్యా!"

మద్దెల వదిలాడు. ఛాంపియన్ తడిబట్టల మూటలా కూలాడు. మద్దెల తన చేతులకేసి చూసుకున్నాడు. భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. వాటి అడుగున ఇంకోటి ఉంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాడు: హాయిగా అనిపించింది.

ఆస్పత్రి నడవాలో భార్య బట్టల బండి తోసుకుంటూ ఎదురైంది. ముందు స్ట్రెచర్ మీద తల్లి. వెనక స్ట్రెచర్ మీద ఛాంపియన్. ఆ వెనక నడుస్తూ మొగుడు, మోచేతుల దాకా ఎర్రగా.

"ఎవరు కొట్టారు?"

"అత్తయ్యని వాడు. వాణ్ణి నేను."

ఆవిడ మొగుణ్ణీ, ఛాంపియన్‌నీ మార్చి మార్చి చూసింది. "చేతులు కడుక్కుని రా," అంది. బండి అక్కడే వదిలేసి తల్లి వెనకాల పరిగెత్తింది.

అత్తగారి తలకి కుట్లు పడ్డాయి, మణికట్టు విరిగింది. ఛాంపియన్‌కి ముక్కు, చెంప ఎముక, రెండు పక్కటెముకలు. పోటీ పోయింది. పోలీసుల దాకా మాత్రం పోలేదు. దెబ్బలు తినడానికి పెట్టుకున్న మనిషి చేతిలో ఛాంపియన్ తన్నులు తిన్నాడంటే ఆ జిమ్‌ ముఖం ఎవరు చూస్తారు? మెట్లమీంచి పడ్డాడని కోచ్ అందరికీ చెప్పాడు.

మద్దెల సంగతి తనే చూసుకోవడానికి కోచ్ ఒక మధ్యాహ్నం ముగ్గురితో వచ్చాడు. మద్దెల టైర్ల దుకాణం పక్కసందులో నీళ్ళ డబ్బా దించుకుంటున్నాడు. వెనకనుంచి ఇనపగొట్టంతో మోకాలి మీద కొట్టారు. అదీ ఎడమవైపునుంచి, అడుగుల చప్పుడు వినపడని వైపునుంచి. పడ్డాక కడుపులో తన్నారు, కుట్లు మానిన కనుబొమ్మ మళ్ళీ పగలగొట్టారు. మద్దెల నోరెత్తలేదు. అలవాటైన పని.

"చాలు. కుడిచెయ్యి పట్టుకోండి," అన్నాడు కోచ్. ఇద్దరు అతని కుడిచేతిని మెట్టు రాతిమీద పరిచి తొక్కిపట్టారు. మూడోవాడు గొట్టం ఎత్తాడు. ఒకటి. రెండు. అప్పుడు మాత్రం మద్దెల అరిచాడు. ఆ అరుపుకి టైర్ల దుకాణాయన చక్రాలు విప్పే ఇనపకడ్డీ పట్టుకుని సందులోకి వచ్చాడు. ఆయన ఎప్పుడూ ఎవరి జోలికీ పోనివాడు. అలాంటివాళ్ళకి కోపం వస్తే లెక్క తెలియదు. గొట్టం పట్టుకున్నవాడి మోచెయ్యి ఒక్క దెబ్బతో వెనక్కి విరిచాడు. మిగతావాళ్ళు వాణ్ణి ఈడ్చుకుని పరిగెత్తారు. కోచ్ అందరికంటే ముందు.

ఆ చెయ్యి మళ్ళీ పిడికిలి పట్టలేదు. వేళ్ళు సగం ముడుచుకుని అక్కడే ఆగిపోయాయి. జిమ్ తలుపులు అతనికి ఎలాగూ మూతపడ్డాయి. భార్య ఎవరితోనో పోట్లాడి, ఎవరినో బతిమాలి, ఆస్పత్రి లాండ్రీలోనే బండ్లు తోసే పని ఇప్పించింది. వేడి, సబ్బు నీళ్ళ వాసన, యంత్రాల మోత. మొదటి నెల ఎవరైనా దగ్గరగా వస్తే భుజం పైకి లేచేది, దెబ్బ కాచుకోవడానికి. తర్వాతర్వాత లేవడం మానేసింది.

రేడియో వంకర్లు పోయిన పెట్టెలోంచి ప్రాసెసర్ ఊడదీశాడు. బతికే ఉంది. కొత్త బోర్డు కొని దానిమీద పెట్టి, ఇంకో తెరా, స్టిక్కూ తగిలించి, "గిరి దాటించను బావా, ఒట్టు," అని చెంపలు వేసుకున్నాడు. ఆ గొడవలో పన్ను ఊడటం వల్ల అతని ఒట్టులో గాలి ఎక్కువ వినపడింది. ఎక్కిళ్ళు మళ్ళీ వచ్చాయి. మద్దెల ఎడమచేత్తో నడపడం నేర్చుకున్నాడు. అత్తగారు మాత్రం ఫ్యాను మోత వినగానే మంచం మీద అటు తిరిగి పడుకునేది. రమ్మని అతనూ పిలవలేదు.

ఒక సాయంత్రం తలుపు తట్టారు. ఎవరో కొత్త మనిషి, వెడల్పాటి భుజాలు, వాచిన కళ్ళు. మద్దెల ఖాళీ చేసిన చోట ఇప్పుడు నిలబడుతున్నది తనేనని చెప్పాడు. ఛాంపియన్ కోలుకున్నాడట, ముందుకంటే రెట్టింపు కొడుతున్నాడట.

"అన్నా, నువ్వు ఏళ్ళ తరబడి ఎలా తట్టుకున్నావు? ఆ కిటుకేదో నాకూ చెప్పు," అన్నాడు.

మద్దెల అతన్ని దీపం కిందికి జరిపి కళ్ళలోకి చూశాడు. కంటిపాప ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉంది. ఒక్క వేలు చూపించి ఎన్ని అని అడిగాడు. అతను రెండన్నాడు.

"చెప్పులు వేసుకో. ఆస్పత్రికి పోదాం."

"రేపు పొద్దున్నే జిమ్‌కి రమ్మన్నారన్నా, పడుకుంటే తగ్గిపోతుంది."

"పడుకుంటే లేవవు," అన్నాడు మద్దెల. మంచి చేత్తో అతని జబ్బ పట్టుకుని మెట్లు దింపాడు. దారి పొడుగునా అతను గొణుగుతూనే ఉన్నాడు, బస్సులో ఒకసారి వాంతి చేసుకున్నాడు. డాక్టర్లు చూసిన వెంటనే తల తెరిచారు. లోపల గడ్డకట్టిన రక్తం తీశారు. మనిషి దక్కాడు.

ఆ మనిషి వార్డులో ఉండగా కోచ్ వచ్చాడు. తోలు వలుస్తానన్న గొంతుతోనే వార్డు బయట నర్సులతో వాదిస్తున్నాడు. తన మనిషిని తను తీసుకుపోతాడట, ఆపడానికి వీళ్ళెవరట. నడవా ఆ చివర మద్దెల, తడి దుప్పట్లతో నిండిన బండి తోస్తూ ఆగిపోయాడు.

భార్య వచ్చి అతని చేతుల్లోంచి బండి తీసుకుంది. "నువ్వు జరుగు," అంది.

దుప్పట్లు తడిస్తే ఎంత బరువుంటాయో మోసినవాళ్ళకే తెలుసు. ఆవిడ బండి తోస్తూ నడవా పొడుగునా పరుగందుకుంది. చక్రాల మోతకి కోచ్ తిరిగి చూశాడుగాని, తప్పుకోవడానికి ఒక పక్క గోడ, ఒక పక్క మంచం. బండి ఇనప అంచు రెండు మోకాళ్ళ కింద తగిలింది. ఎముక విరిగిన చప్పుడు వార్డంతా వినపడింది.

పెద్ద నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏం చేశావే నువ్వు?"

"బ్రేకు పడలేదండీ," అంది మద్దెల భార్య. జారిపడ్డ దుప్పట్లని ఒక్కొక్కటే ఏరుకుని, కోచ్ కాళ్ళమీంచి కూడా ఒకటి లాక్కుని, బండిలో వేసుకుంది.